తిట్టినోళ్లంతా మనోళ్లే

తార్నాక స్వరూపకు నోరు పెద్దదని ఆఫీసులో అందరూ అంటారు. నిజమే. రక్షణ శాఖ స్థలాలకు ఎస్టేట్ మేనేజరైన మనిషికి నోరు కూడా లేకపోతే ఇంకేం మిగులుతుంది? కాగితాలా? అవి ఎప్పుడో సగం పోయాయి. మిగిలినవాటిని కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు మరికొన్ని పోయాయి.

అలా పోయినవాటిలో యూనివర్సిటీ గోడ పక్కనున్న క్వార్టర్ల వరస ఒకటి. అక్కడ తోటపనివాళ్లు, ఊడ్చేవాళ్లు పిల్లాపాపలతో కాపురాలు చేస్తుంటే, కంప్యూటర్లో మాత్రం ఖాళీ జాగా అని ఉంది. పైగా ఆ ఇళ్లకు దారి క్యాంపస్‌లోంచే. యూనివర్సిటీ వాళ్లను అడిగితే మావి కావన్నారు. ఎవరి లెక్కలోనూ లేనివి ఆక్రమణలే కదా అని పై ఆఫీసు తేల్చేసింది. కూల్చివేతకు సంతకం పెట్టడానికి అక్కణ్ణుంచి వెంకటసుబ్బారావుగారు ఆ పొద్దున్నే దిగారు. ఆ ఇళ్లవాళ్లకు సంగతి చెప్పడానికి స్వరూపకు నోరు రాలేదు. అంత నోరున్న మనిషికీ!

"రుజువేదమ్మా? మీ మాట పట్టుకుని నేనెలా రాసేది?" అన్నారాయన, అవి మన క్వార్టర్లేనని స్వరూప మొత్తుకుంటే. మర్యాదస్తుడే, కానీ ఓ పట్టాన దిగిరాడు.

స్వరూపకు వాళ్ల ఊరి చెరువు గుర్తొచ్చింది. ఆమెది రైతుల ఇల్లు. చెరువు కింద ఏ మడి ఎవరి వంతులో ఉందో తేలకపోతే వాళ్ల నాన్న తూము మూసేసి కూర్చునేవాడు. నీళ్లందనివాళ్లు కేకలేసుకుంటూ గట్ల మీదుగా వచ్చేవాళ్లు.

"సార్, మన ట్యాంకు వాల్వు బంద్ చేయిస్తా. మీరు జర చాయ్ తాగుండ్రి. ఎవలొచ్చి తిడతరో వాళ్లంతా మనోళ్లే. బయటోళ్లకు మన పైపు ఎందుకేస్తం?"

వాల్వు మూశారు. ముందు ఆఫీసర్ల బంగళాల నుంచి ఫోన్లు మోగాయి. తర్వాత పెద్ద క్వార్టర్ల నుంచి. గోడ పక్క వరస నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. చాయ్ అయిపోయింది. వెంకటసుబ్బారావుగారు పెన్ను తీశారు. స్వరూప కిటికీ దగ్గరకు పరిగెత్తింది.

వాళ్లు రావాలంటే క్యాంపసంతా చుట్టి రావాలన్న సంగతి ఆ కంగారులో ఆమెకు తోచలేదు.

"నల్లా ఎవడు బంద్ పెట్టిండు? బియ్యం కడిగి కూసున్న, ఎసరుకు సుక్క నీళ్లు లేవు!" ఖాళీ బిందెతో లచ్చవ్వ గేటు దగ్గరే అందుకుంది. క్యాంపస్ ఊడ్చే ముసలామె. వెనక వరసంతా కదిలొచ్చింది.

స్వరూప ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "ఇంకా గట్టిగ తిట్టు లచ్చవ్వా, సార్‌కు ఇనబడాలె!"

ఆయనకు నవ్వాగలేదు. అయినా వాళ్ల వెంట నడిచివెళ్లి, ట్యాంకు నుంచి పైపు గోడ కిందుగా చివరి ఇంటి దాకా పోవడం కళ్లారా చూశాకే, ఖాళీ జాగా అన్న మాట కొట్టేసి రక్షణ శాఖ క్వార్టర్లని రాసి సంతకం పెట్టారు.

స్వరూప లచ్చవ్వను గట్టిగా వాటేసుకుంది. "అవ్వా, ఇగ మీ ఇండ్లు ఎవడూ ముట్టడు!"

"ఎవడొస్తడే ముట్టనీకి? నేను కాపురానికొచ్చిందే గీడికి," అంది లచ్చవ్వ విడిపించుకుంటూ. "ముందుగాల నల్లా ఇడువు."