దడి మధ్యలో పెట్టె

1981 జూన్‌లో నన్ను విశాఖపట్నం పశువుల ఆసుపత్రి నుంచి గాజువాక వైపు డెప్యూటేషన్ మీద వేశారు. హోదా పాతదే, వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పని మాత్రం కోళ్ళది. స్టీలు ప్లాంటుకు భూములు పోయిన వాళ్ళ కోసం కట్టిన ఒక కాలనీలో, పట్టా ఉన్న ప్రతి ఇంటికీ గుడ్డుకు వచ్చే వయసు సంకరజాతి పెట్టలు పంచి, వాటి బాగోగులు చూడాలి. గేదెల కాన్పులు, ఆపరేషన్లు చేసుకుంటున్న మనిషిని కోళ్ళ వెనక తిరగమంటే ఎవరికి నచ్చుతుంది? పైగా నేను కుదురుగా ఒకచోట ఉండేవాణ్ణి కాను. మద్దిలపాలెంలో బస్సు కాస్త ఆలస్యమైతే తర్వాతి స్టాపు దాకా నడవడం మొదలెట్టి, సగం దారిలో ఆ బస్సే నన్ను దాటిపోతుంటే తిట్టుకున్న రోజులు బోలెడు.

పెట్టలు పంచితే సరిపోదు. పెరట్లో తిరిగే కోడి తనకు నచ్చిన చోట గుడ్డు పెడుతుంది. కట్టెల కింద, పొదల్లో, అటక మీద, ఎక్కడైనా సరే. సగం గుడ్లు కుక్కల పాలో ముంగిసల పాలో అవుతాయి. అందుకని ఇంటింటికీ గుడ్ల పెట్టె ఇవ్వాలన్నారు. అడుగు వెడల్పు, అడుగు లోతు, అడుగున గడ్డి, గడ్డి జారిపోకుండా ముందు ఒక పట్టీ, చీకటి కోసం గోనెపట్టా తెర. లోపల గుడ్డులాంటిది ఒకటి ఉంచితే, ఇక్కడ ఇంతకుముందే ఎవరో పెట్టారు, ఫరవాలేదు అని కోడి నమ్ముతుంది. దానికి నేను సముద్రపు ఒడ్డున నున్నటి తెల్లరాళ్ళు ఏరుకొచ్చాను. పోర్టులో దిగే యంత్రాల ప్యాకింగు చెక్క పాతనగరంలో చవకగా దొరికేది. అక్కడ చెక్క అమ్మే సాయిబుగారు, పెట్టలకి పెట్టెలా డాక్టరుసాబ్ అంటూ నేను కనబడినప్పుడల్లా ఆట పట్టించేవారు.

కాలనీ మధ్యలో అందరినీ పిలిచి పెట్టె ఎలా అమర్చాలో చూపించాను. అందరూ శ్రద్ధగా విన్నారు. అంత శ్రద్ధ ఎందుకో నాకు తర్వాత తెలిసింది. వాళ్ళ పాత ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేదట. కోడి ఎవరిదైనా, గుడ్డు ఎవరింట్లో పెడితే వాళ్ళదే. ఇళ్ళు దూరదూరంగా ఉన్న ఊళ్ళో దానివల్ల పేచీ వచ్చేది కాదు. ఈ కాలనీలో ఇంటికీ ఇంటికీ మధ్య ఒక తాటాకు దడే అడ్డం. పట్టా లేక పెట్టలు రాని ఇళ్ళవాళ్ళు నా పాఠం బాగా ఒంటబట్టించుకుని, పాత బుట్టల్లో గడ్డి వేసి, తెల్లరాయి పెట్టి, పక్కింటి పెట్టల కోసం సిద్ధమైపోయారు. ఆ సంగతి తెలిసిన రోజు నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అందరికన్నా నష్టపోయింది పైడితల్లి. నలభై దాటిన మనిషి. భర్త ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. పొలమూ పశువులూ పోయాక ఆమె చేతికింద మిగిలిన ప్రాణులు మేమిచ్చిన పెట్టలే. అవి ఆమె పెట్టెలో ఒక్క గుడ్డూ పెట్టడంలేదు. దడి అవతల ఆమె తోటికోడలు అచ్చియమ్మ ఉంటుంది. పట్టా అన్నదమ్ముల్లో పెద్దవాడైన పైడితల్లి భర్త పేరనే వచ్చిందని అచ్చియమ్మ అలగడంతో, కాలనీకి వచ్చిన దగ్గర్నుంచి తోటికోడళ్ళకి మాటల్లేవు. పైడితల్లి పెట్టలు దడి కంతలోంచి దూరి వెళ్ళి అచ్చియమ్మ బుట్టలో పెట్టి వస్తున్నాయి.

మా పథకంలో ఒక నిబంధన ఉంది. గుడ్లు రాని ఇంటి నుంచి పెట్టలు వెనక్కి తీసుకుని వేరే కాలనీకి ఇస్తారు. మా పై అధికారి అసిస్టెంట్ డైరెక్టరుగారు తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. పైడితల్లి పెట్టలు పోతాయని నాకు బెంగ పట్టుకుంది. ఆమెకి నాకన్నా ఎక్కువ.

ఒక ఉదయం ఆమె వసారాలో కూర్చుని గమనించాను. పెట్టె కొలతలు, ఎత్తు, గడ్డి అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కోడి ఎక్కింది. తిరిగి తిరిగి గడ్డిలో గుంట చేసుకుంది. అంతలో పైడితల్లి వంటింట్లోంచి వచ్చి తెర ఎత్తి చూసింది. వెళ్ళింది. బియ్యం చేటతోనే మళ్ళీ వచ్చి, కోడి కిందికి చెయ్యి పోనిచ్చింది. కోడి గోల చేస్తూ దిగి, కంతలోంచి అవతలికి పోయింది. రెండో కోడికీ అదే గతి. దడి సందులోంచి చూస్తే, నెలలు నిండిన అచ్చియమ్మ కాళ్ళ వాపులతో చాప మీద వాలి ఉంది. లేవలేదు, కదలలేదు. పెట్టలు ఆమె పక్కనుంచే తాపీగా నడిచి వెళ్ళి బుట్టెక్కాయి.

కోడి గుడ్డు పెట్టేముందు ఎవరైనా కదిలిస్తే ఆ చోటు మీద నమ్మకం పోతుందని, ఎండ ఎక్కేదాకా పెట్టె వైపు చూడొద్దని పైడితల్లికి చెప్పాను. ఆమె చేట కింద పెట్టి నా ఎదుట నిలబడింది.

"సూడకండా ఎలాగ ఉంటాను బాబూ? బూమి కొలతలోలు వచ్చినప్పుడు నాను కళ్ళంలో పనిలో ఉన్నాను. సూడకండా ఒగ్గేసిందే పోయింది."

అయితే మనుషుల అలికిడి లేని చోట పెట్టె పెట్టాలి తప్ప వేరే దారి లేదన్నాను. అచ్చియమ్మ బుట్ట తీయించమంటారా అని కూడా అడిగాను. రోజూ గుడ్డు తినమని నర్సమ్మ చెప్పిన గర్భిణి దగ్గర్నుంచి బుట్ట లాక్కోవడం నాకూ ఇష్టం లేదు. పైడితల్లి దడి దగ్గరికి వెళ్ళి కంతలోంచి అటు చూసింది.

"దడి మద్దెన పెట్టీండి," అంది. "ఇటుకాసి పెట్ట ఎక్కుతాది, అటుకాసి అచ్చియమ్మ తీసుకుంటాది. మద్దెన పెట్టిన గుడ్డు ఇద్దరిదీన."

కంత పెద్దది చేసి పెట్టె బిగించాను. ఇటు తెర, అటు చిన్న తలుపు. అచ్చియమ్మ బుట్ట ఎవరూ చెప్పకుండానే తీసేసింది. అయినా మొదటి రోజుల్లో పైడితల్లికి కాలు నిలవలేదు. పొద్దున్నే కాలనీ కుళాయి దగ్గరికి పోయి, బిందె నిండినా అక్కడే నిలబడి, మళ్ళీ వంపి మళ్ళీ పట్టుకునేది. ఆ అవస్థ నాకు బాగా తెలుసు కాబట్టి జాలేసింది.

తనిఖీ రోజు అసిస్టెంట్ డైరెక్టరుగారు జీపు దిగి నేరుగా పెరట్లోకి వచ్చారు. ఆయనకి తొందరెక్కువ. గుడ్లేవి అంటూ తెర మీద చెయ్యి వేయబోయారు. పైడితల్లి వచ్చి పెట్టెకు అడ్డంగా నిలబడింది.

"ఒద్దు బాబూ, సూడకండి. లోపల పెట్ట కూకుంది."

ఆయన ముఖం ఎర్రబడింది. గెజిటెడ్ అధికారిని అలా ఆపిన వాళ్ళు ఆ కాలనీలో అంతకుముందు లేరు. అయినా ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అందరం నిలబడ్డాం. నా కాళ్ళు ఆగడంలేదు, ఆయనవీ ఆగడంలేదు. పైడితల్లి మాత్రం పెట్టెకు వీపు పెట్టి, ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా నిలబడింది. చాలాసేపటికి లోపల్నుంచి కోడి అరిచింది. దడి అవతల చిన్న తలుపు చప్పుడయింది.

"అప్పా, పెట్టీసింది," అంది అచ్చియమ్మ. కాలనీకి వచ్చాక ఆమె అక్కతో మాట్లాడిన మొదటి మాట అదేనని తర్వాత పైడితల్లే చెప్పింది.

ఆ ఇంటి పెట్టలు ఆ ఇంట్లోనే ఉండిపోయాయి. తర్వాత నేను ఎక్కడ శిక్షణ ఇచ్చినా, పెట్టె కొలతలు చెప్పాక, ఇంటి మనిషి పొద్దునపూట ఎక్కడ ఉండాలో కూడా చెప్పేవాణ్ణి. కోడికి కావలసిన చీకటిని గోనెపట్టాతో ఇవ్వగలం. ఏకాంతం మాత్రం మనం పక్కకి తప్పుకుంటేనే దానికి దొరుకుతుంది.