కుర్చీల వెనక పేరు

ఆ రోజుల్లో ఎవరైనా మైకులో "నా ప్రాణం పోయినా సరే" అన్నారంటే నిజంగానే పోతుందేమోనని భయపడేవాణ్ణి. గాజువాక దగ్గర ఓ ప్రైవేటు కంపెనీ మా బావని, ఇంకొంతమంది కాంట్రాక్టు పనివాళ్ళని గేటు బయట నిలబెట్టేసింది. అక్కకి నెలలు నిండుతున్నాయి. సరిగ్గా అప్పుడే మా ఏరియా నాయకుడు 'పేదల పెన్నిధి' (బిరుదు ఆయనే పెట్టుకున్నాడు, ఫ్లెక్సీలు మేం కట్టాం) ఆ గేటు ముందు ఆమరణ నిరాహార దీక్షకి దిగాడు. డిగ్రీ పూర్తయి ఖాళీగా ఉన్న నేను, బావ మళ్ళీ డ్యూటీ ఎక్కేదాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టనని ఆయన పక్కనే కూర్చున్నాను.

రెండో రోజు మధ్యాహ్నానికి నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. ఆయన మాత్రం కళకళలాడుతున్నాడు. మధ్యమధ్యలో కాలకృత్యాలకని కారెక్కి వెళ్ళి, గంటకి వక్కపొడి నములుతూ దిగేవాడు. "గొప్పోల్ల ఒల్లే ఏరురా, నీలా కాదు" అని బావ మురిసిపోయాడు. నేనూ మురిశాను.

సాయంత్రం వానొచ్చింది. కుర్చీలు టెంటు లోపలికి లాగుతుంటే ఒకటి బోర్లాపడింది. దాని వెనక తెల్లరంగుతో కంపెనీ పేరు, కింద 'గెస్ట్ హౌస్' అని ఉంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"బావా, ఇయ్యి కంపినీ కుర్సీలు!"

"అయితే ఏటి? మనమీద జాలేసి ఇచ్చుంటారు." (ఒట్టు, అలాగే అన్నాడు.)

"గేటు తియ్యనోల్లు కుర్సీలిత్తారేటి బావా?"

బావ ఆ పేరుని వేలితో ఓసారి తడిమాడు. అతని మొహం చూడలేకపోయాను.

మర్నాడు కంపెనీ పెద్దాయనే స్వయంగా వచ్చి, నిమ్మరసం తాగించి దీక్ష విరమింపజేశాడు. ఇద్దరూ కావిలించుకున్నారు. "ఇది పేదల విజయం!" అంది మైకు. జిందాబాద్ కొట్టినవాళ్ళలో నా గొంతే గట్టిది (నిమ్మరసం నాకూ ఇస్తారని ఆశ). నెల తిరక్కుండా కంపెనీ క్యాంటీన్ కాంట్రాక్టు పెన్నిధిగారి బావమరిదికి దక్కింది. మా బావకి ఆ గేటు మళ్ళీ తెరుచుకోలేదు. షేర్ ఆటో నడుపుకుంటున్నాడు.

మొన్న అదే గేటు ముందు మళ్ళీ టెంటు వేశారు. మనిషి అదే, కండువా రంగు మారింది. బావ ఆటో ఆపి, "ఎల్లి సూసొత్తావేటి?" అన్నాడు నవ్వుతూ. దిగి తిన్నగా కుర్చీల వెనక్కి వెళ్ళాను. ఈసారి అన్నిటికీ తెల్లగుడ్డ తొడుగులు వేశారు. పెన్నిధిగారు కూడా అనుభవంతో చాలా నేర్చుకున్నారన్నమాట! నవ్వుకుంటూ ఆటో ఎక్కాను గానీ, దారిపొడుగునా ఆనాటి నా మీదే జాలేసింది. ఆ మూడు రోజుల దీక్షలో ఆకలితో ఉన్నది నేనొక్కణ్ణే.