మా నాన్న నడపని కారు

లండన్‌లో మేముండే హారోలో ఒక అంకుల్ ఉన్నాడు. ఆయనకి తెలియని విషయం లేదు, సరిగ్గా తెలిసిన విషయమూ లేదు. ఇల్లు కొనాలన్నా, పిల్లలకి కౌన్సిల్ స్కూల్లో సీటు కావాలన్నా, వీసా పొడిగించుకోవాలన్నా మావాళ్లంతా ముందు ఆయన్నే అడుగుతారు. లాయరైతే ఫీజివ్వాలి, ఈయనకి పులిహోర పెడితే చాలు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మా ఇంట్లో వినేవాడు ఎవరూ చెయ్యకముందే తనంతట తనే లోకువైపోయి కూర్చుంటాడు. ఆ వినేవాడు మా ఆయన.

2014 జూలై మొదట్లో మా ఇంటికొక కవరు వచ్చింది. పోలీసుల దగ్గర్నుంచి. ఫలానా బుధవారం పొద్దున, ముప్పై మైళ్లు దాటకూడని రోడ్డు మీద, ఈ నంబరు కారు నలభై ఒక్క మైళ్ల వేగంతో వెళ్లిందనీ, ఆ సమయంలో దాన్ని నడిపిందెవరో ఇరవై ఎనిమిది రోజుల్లో రాసి, సంతకం పెట్టి పంపమనీ దాని సారాంశం. కవరు మీద పేరు నాది. కారు కొన్నప్పుడు మా ఇద్దరిలో లైసెన్స్ ఉన్నది నాకే. నేను మొదటిసారికే టెస్టు పాసయ్యాను, ఆయన మూడోసారికి. మొదటి రెండుసార్లూ ఎగ్జామినర్ మంచివాడు కాదట.

ఆ బుధవారం నేను పనిలో ఉన్నాను. కెమిస్టు షాపులో ఫార్మసిస్టుని. కారు తీసుకెళ్లింది మా ఆయనే, ఆ సంగతి ఆయనా కాదనలేదు. "స్కూలు ముందు తెచ్చి పెట్టారు కెమెరా. ఎవడికి కనపడుతుంది?" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు. కెమెరాకి పచ్చగా పసుపు రంగు వేసి, అది ఉందని ముందే ఒక బోర్డు కూడా పెట్టారు. ఇంకేం చెయ్యాలి, బొట్టు పెట్టి పిలవాలా?

మామూలుగా ఇలాంటిదానికి ఒక దారి ఉంది. మొదటిసారి దొరికినవాళ్లు డబ్బు కట్టి, సగంరోజు క్లాసులో కూర్చునొస్తే లైసెన్స్ మీద పాయింట్లు పడవు. ఇక్కడ తప్పుకి ఇన్నని పాయింట్లు వేస్తారు, పన్నెండైతే లైసెన్సే పోతుంది. కానీ ఆ అవకాశం మూడేళ్లకి ఒక్కసారే. మా ఆయన దాన్ని కిందటేడే వాడేసుకున్నాడు. క్లాసు నుంచి వచ్చాక వారం రోజులపాటు ఇరవై తొమ్మిది దాటలేదు. బ్రేకు వేస్తే కారు ఎన్ని అడుగుల్లో ఆగుతుందో భోజనాల దగ్గర మాకు పాఠాలు చెప్పాడు. ఎనిమిదో రోజు నుంచి మామూలే. ఈసారి జరిమానా, మూడు పాయింట్లు తప్పవు. జరిమానా గురించి ఆయనకి బెంగ లేదు, బెంగంతా ఇన్సూరెన్స్ మీద. వచ్చే నెలే రెన్యువల్. అయిదేళ్లలో పడిన పాయింట్లన్నీ చెప్పమంటారు, చెబితే ప్రీమియం రెట్టింపవుతుందని ఎవరో అన్నారట. ఎవరో అంటే ఇంకెవరు, అంకులే.

ఆదివారం అంకుల్ భోజనానికి వచ్చాడు. ఫారం చేతిలోకి తీసుకుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "దీనికింత కంగారెందుకయ్యా? ఇట్టాంటి ఫారాల్లో ఎప్పుడూ ఇండియా వెళ్లిపోయినోళ్ల పేరు రాయాలి" అన్నాడు. తన బావమరిది పేరు అలాగే రెండుసార్లు రాశాడట. ఆ బావమరిది తెనాలి దాటి ఎరగడు. రికార్డుల్లో మాత్రం ఇక్కడి వాట్‌ఫర్డ్ మీదుగా రెండుసార్లు స్పీడుగా కారు తోలాడు. "వీళ్లు అక్కడికి ఉత్తరం రాసేదెప్పుడు, అది చేరేదెప్పుడు?" అని అంకుల్ నవ్వాడు. మా ఆయనా నవ్వాడు. నేను గరిటె గిన్నెలో పడేసి వంటింట్లోకి వెళ్లిపోయాను.

"అమ్మాయ్, మీ నాన్నగారు పోయిన నెలేగా వెళ్లింది?" అని అంకుల్ అక్కణ్ణుంచే కేకేశాడు.

అవును. మా నాన్న మూడు నెలలు మా దగ్గరుండి, ఆ బుధవారం తర్వాత వచ్చిన శనివారమే విమానం ఎక్కాడు. ఆయన బస్సు డ్రైవరు. గుంటూరు నుంచి మాచర్లకి ముప్పై ఒక్క ఏళ్లు బస్సు తిప్పాడు. ఒక్క యాక్సిడెంటు లేదు, ఒక్క చలానా లేదు. ఇక్కడున్నన్నాళ్లూ మా కారు స్టీరింగు ముట్టుకోలేదు. మా ఆయన పక్కన ముందు సీట్లో కూర్చుని, లేని బ్రేకు మీద కాలు నొక్కుతూ ఉండేవాడు. అల్లుడు కదా, పైకి ఒక్క మాట అనలేదు. వెనక సీట్లోంచి ఆ కాలు చూసి నాకు నవ్వూ వచ్చేది, సిగ్గూ వేసేది.

అంకుల్ వెళ్లాక మా ఆయన్ని అడిగాను. "మీ నాన్నగారు కూడా అప్పుడు ఇక్కడే ఉన్నారుగా, కేంబ్రిడ్జ్‌లో మీ అన్నయ్య వాళ్లింట్లో. ఆయనా వెళ్లిపోయారు. ఆయన పేరు రాయొచ్చుగా?"

"భలేదానివే! మా నాన్న నెక్స్ట్ సమ్మర్‌కి మళ్లీ రావాలి. వీసాకి ప్రాబ్లం అవదూ?" అన్నాడు. సిగ్గుపడుతూ కాదు, ఈ మాత్రం తెలియదా అన్నట్టు.

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని వినడమే గానీ, మామగారి పరువు దానం చేసే అల్లుణ్ణి అప్పుడే చూశాను. అసహ్యం వేసింది. నా గురించీ గొప్పగా చెప్పుకోను. ఆ క్షణమే పెన్ను తీసి ఫారం నింపి పారేయాల్సింది. ఇంట్లో గొడవెందుకని దాన్ని అలాగే డైనింగ్ టేబుల్ మీద వదిలేశాను.

మర్నాడు లంచ్ టైంలో ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేశాను. మా పాలసీలో ఎవరెవరున్నారని అడిగితే ఫోన్ తీసిన అమ్మాయి మా ఇద్దరి పేర్లే చెప్పింది. మూడో మనిషి నడిపితే? "అది ఇన్సూరెన్స్ లేకుండా నడిపినట్టే. వాళ్లకే కాదు, కారిచ్చినందుకు మీకూ కనీసం ఆరు పాయింట్లు పడొచ్చు" అంది. పాయింట్లు చెప్పకుండా దాస్తే ఏమవుతుందనీ అడిగాను. రేపు ఏదైనా జరిగినప్పుడు అసలు పాలసీయే చెల్లదంటారట, క్లెయిం రాదట. ఉన్నది చెప్పేసి, నాలుగు కంపెనీల ధరలు పోల్చి చూసుకోవడమే మేలని చెప్పింది. ఎంత పెరుగుతుందో మాత్రం రెన్యువల్ అప్పుడే తెలుస్తుందంది. ఆ అమ్మాయి గొంతు వింటే పాతికేళ్లు కూడా ఉన్నట్టు లేవు. అంకుల్ ఇరవై ఏళ్ల లండన్ అనుభవం కంటే ఆ నాలుగు నిమిషాలు నయం.

ఇంటికొచ్చి ఇదంతా మా ఆయనకి చెప్పాను. అబద్ధమని తేలితే జైలు. తేలకపోతే నా లైసెన్స్ మీద ఆరు పాయింట్లు. సంతకం పెట్టేది నేను గనక నా ఉద్యోగానికీ ముప్పే. అంతా విన్నాడు. కాసేపు ఆలోచించాడు.

"నీకింతవరకూ ఒక్క పాయింటూ లేదు కదా," అన్నాడు.

తొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషి. తనకి మూడు పడకుండా నాకు ఆరు పడితే బేరం బాగానే ఉందనుకున్నాడు. నేను లేచి లంచ్ డబ్బా కడగడానికి వెళ్లాను. జవాబు చెప్పడానికి ఎదురుగా మనిషి ఉండాలి కదా.

మర్నాడు పొద్దున షాపుకి బయల్దేరుతూ షూ వేసుకుంటుంటే మా నాన్న ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, నిన్న అల్లుడుగారు ఫోన్ చేశాడు. కారు సంగతి చెప్పాడు. సరేనన్నాన్లే."

నన్ను అడక్కుండా, నాకు చెప్పకుండా నేరుగా మా నాన్నకే ఫోన్ చేశాడన్నమాట.

"రేపు ఎవరన్నా అడిగితే అందరం ఒకటే మాట చెప్పాల గదా, అందుకని కనుక్కుందామని చేశా. ఎంత స్పీడులో పోయానమ్మా నేను?"

"నలభై ఒకటి నాన్నా. ముప్పైలో పోవాల్సిన చోట."

"మైళ్లా?"

"మైళ్లే."

మనసులో కిలోమీటర్లు కట్టుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. "అరవై ఆరు," అన్నాడు మెల్లిగా. "ఏ రోడ్డమ్మా?"

"మనం పార్కుకి నడిచి వెళ్లేవాళ్లం చూడు, ఆ స్కూలు ముందు రోడ్డు."

అటు ఫోన్ చెయ్యి మార్చుకున్న చప్పుడైంది.

"స్కూలు కాడ నేనట్టా పోనమ్మా," అన్నాడు. వెంటనే తనే సర్దుకుని, "సర్లే, రాయి. రిటైరైనోణ్ణి, నాకు పోయేదేముంది? అల్లుడికి ఇబ్బంది రాకూడదు" అన్నాడు.

ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "నువ్వెక్కడికీ పోలేదు నాన్నా. ఎవరడిగినా ఆ కారు ముట్టుకోలేదని చెప్పు. ఇంకోసారి ఆయన ఫోన్ చేసినా అదే చెప్పు" అన్నాను. షూ విప్పకుండానే లోపలికెళ్లి, ఫారంలో మా ఆయన పేరు, పుట్టినతేదీ, లైసెన్స్ నంబరు రాసి సంతకం పెట్టాను. ఆయన స్నానం చేస్తూ ఏదో పాట పాడుకుంటున్నాడు. బస్టాపు పక్కనున్న పోస్టుబాక్సులో వేసి పనికెళ్లాను.

సాయంత్రం ఈ సంగతి చెబితే మా ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అదొక శిక్ష అనుకున్నాడు పాపం. అంకుల్‌తో చెప్పుకుంటే ఆయన "ఆడోళ్లకి పోలీసులంటే భయమయ్యా" అని ఓదార్చాడట. నాలుగో రోజు టీ కావాల్సి వచ్చి మాట్లాడాడు.

జరిమానా కట్టాడు, మూడు పాయింట్లూ పడ్డాయి. ఆగస్టులో రెన్యువల్ రోజున ఫోన్ ఆయన చేతికిచ్చి, స్పీకర్లో పెట్టించి, నేను ఎదురుగా కూర్చున్నాను. అయిదేళ్లలో పాయింట్లేమైనా పడ్డాయా అని అవతలి మనిషి అడిగాడు. పడ్డాయన్నాడు మా ఆయన. ఎవరికని అడిగాడు. మా ఆయన నావైపొకసారి చూసి, గొంతు సవరించుకుని, "నాకే" అన్నాడు. అవతల కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. కిందటేడాది కంటే యాభై ఎనిమిది పౌండ్లు ఎక్కువవుతుందని చెప్పారు.

మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఫోన్ పెట్టేసి, "ఇంతేనా! ఏడాదికి యాభై ఎనిమిదా! అనవసరంగా కంగారుపడ్డాం" అని పకపకా నవ్వాడు. ఆ యాభై ఎనిమిది కోసమే మా నాన్న చేత స్కూలు ముందు అరవై ఆరులో కారు తోలించబోయాడు. ఆ సంగతి ఆయనకి గుర్తున్నట్టే లేదు.

"పాపం మావయ్యగారు కూడా టెన్షన్ పడుతుంటారు, ఈ గుడ్ న్యూస్ చెప్పేద్దాం" అని మళ్లీ ఫోన్ తీశాడు. నేను దాన్ని ఆయన చేతిలోంచి లాగేసుకున్నాను.