చెవి మేస్త్రి మాట మీద కొన్న బండి

మా షెడ్డు మేస్త్రిని అందరూ చెవి మేస్త్రి అంటారు. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో. పాత కారు కొనాలనుకునేవాళ్ళు ముందు దాన్ని మా షెడ్డుకు తోలుకొచ్చి ఆయన చేత పరీక్ష చేయిస్తారు. ఆయన మూరెడు స్క్రూడ్రైవర్ తీసి, దాని కొనను నడుస్తున్న ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంటాడు. కాసేపటికి కళ్ళు తెరిచి తీసుకోమంటే తీసుకుంటారు. ఊహూ అని తల ఊపితే అమ్మేవాడు కూడా మారు మాట్లాడకుండా బండెక్కి వెళ్ళిపోతాడు. అంత పేరు ఆయనకి.

నేను ఆ షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా కూలివాణ్ణి. బండ్లు కడుగుతాను, చక్రాలు విప్పుతాను, సామాను డబ్బాలు దించుతాను, ఇంజను మోయాల్సి వస్తే మోస్తాను. నా నడుము ఇప్పుడు ఏ మూల నొప్పి పెడితే ఏ ఇంజను మోసినప్పటిదో చెప్పగలను. చదువు ఐదో తరగతితో సరి. కానీ పొద్దస్తమానం ఆ చప్పుళ్ళ మధ్యే ఉంటే చెవులు వాటంతట అవే చదువుకుంటాయి.

మేస్త్రి లెక్కలో బండ్లు రెండే రకాలు. గొడుగు బండ్లు, పనికిరాని బండ్లు. బండ్ల ముందు భాగాన గొడుగు బొమ్మ వేసే కంపెనీలోనే ఆయన కుర్రతనంలో పని నేర్చుకున్నాడు. ఒకరోజు కంపెనీ యజమాని, పెద్ద వయసాయన, పనివాళ్ళ బల్ల దగ్గర కూర్చుని వాళ్ళతో కలిసి టీ తాగాడట. ఆ టీ కథ నేను కొన్ని వందలసార్లు విన్నాను. ఒక్కోసారి అందులో చక్కెర ఎక్కువవుతుంది, ఒక్కోసారి యజమాని రెండో కప్పు అడుగుతాడు.

చేప బొమ్మ ఉండే బండ్లకు కూడా ఒకప్పుడు మంచి పేరే ఉండేది. కంపెనీ పెట్టినాయన పోయాక కొడుకులు పొత్తు కుదరక దాన్ని బయటివాళ్ళకు అమ్మేశారు. ఆ కబురు తెలిసిన రోజు నుంచి మేస్త్రికి చేప అంటే గిట్టదు. కన్నవాళ్ళే వదిలించుకున్న దాన్ని కొన్నవాడు ఏం చూస్తాడు అనేవాడు. రోడ్డు మీద చేప బండి ఆగిపోయి కనబడితే ఆ రోజంతా హుషారుగా ఉండేవాడు. గొడుగు బండి ఆగిపోతే మాత్రం డ్రైవరుకు నడపడం రాదనేవాడు.

నాలుగేళ్ళ కిందట ఒకరోజు బట్టల కొట్టాయన కారు తెచ్చాడు. ఆయన ఫోను మాట్లాడుకుంటూ నిలబడి బండి స్టార్టు చేయడం మరిచిపోయాడు. మేస్త్రి వంగి, స్క్రూడ్రైవర్ ఆనించి, కళ్ళు మూసుకుని, నిమిషం తరవాత లేచి ఇంజను వెన్నలా నడుస్తోందని చెప్పాడు. ఇంకా స్టార్టు చేయలేదు కదండీ అన్నాడు కొట్టాయన. మేస్త్రికి అది కూడా వినబడలేదు. అప్పుడు అర్థమైంది నాకు. వినికిడి ఆయన పేరులోనే మిగిలింది, చెవిలో లేదు.

నోటికొచ్చింది అనేశాను. మేస్త్రిగారికి స్టార్టు చేయక్కర్లేదు, ఆగిన బండిని కూడా చెప్పగలరు అన్నాను. కొట్టాయన నోరు తెరుచుకుని చూశాడు. వారం తిరిగేసరికి ఈ సంగతి అన్ని వీధులకూ పాకింది. షెడ్డు ముందు బండ్లు రెట్టింపయ్యాయి. నా పని కూడా రెట్టింపయింది, అబద్ధానికి ఆ మాత్రం శిక్ష ఉండాలిగా.

ఆ తరవాత మా ఇద్దరి మధ్య ఒక ఏర్పాటు కుదిరింది. ఏనాడూ మాట్లాడుకున్నది కాదు. ఆయన కళ్ళు మూసుకుని నటిస్తుంటే, నేను పక్కన నిలబడి చెవి పెట్టి వినేవాణ్ణి. ఇంజను బాగుంటే తుడిచే గుడ్డ భుజం మీద వేసుకునేవాణ్ణి. బాగోకపోతే కింద పడేసేవాణ్ణి. ఆయన ఒక కన్ను ఓరగా తెరిచి, నా గుడ్డ ఎక్కడుందో చూసుకుని తీర్పు చెప్పేవాడు. నాలుగేళ్ళలో ఒక్క తీర్పు కూడా తప్పలేదు. కాకపోతే గొడుగు బండి వచ్చినప్పుడు మాత్రం ఆయన నా వైపు చూసేవాడు కాదు. బొమ్మ చూసి సరే అనేవాడు. అవి నిజంగా మంచి బండ్లే కాబట్టి ఇన్నాళ్ళూ చెల్లింది.

మా వదిన బండి కొనాలనుకోవడంతో వచ్చింది చిక్కు. అన్నకు చూపు మందగించి పని మానేశాక ఇల్లు ఆమె కుట్టు మిషను మీదే నడిచింది. తొమ్మిదేళ్ళు కుట్టి కూడబెట్టింది. నలభై మూడేళ్ళ వయసులో డ్రైవింగు నేర్చుకుంది. ఏడుగురు కూర్చునే పాత బండి ఒకటి కొని, వీధిలో పిల్లల్ని బడికి దింపి తీసుకురావాలని ఆమె ఆలోచన. ఆరుగురు తల్లులు అప్పటికే సరే అన్నారు. ఒకసారి కొన్నాక బండి మొరాయిస్తే మళ్ళీ కొనే తాహతు ఆమెకు లేదు. మిషను కూడా అమ్మేసింది.

ఆదివారం పొద్దున్నే బ్రోకరు రెండు బండ్లు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. ఒకటి చేప, ఒకటి గొడుగు. ధర ఒకటే, రంగు కూడా దాదాపు ఒకటే. వదిన ఇస్త్రీ చీర కట్టుకుని, డబ్బు సంచీ చంకలో పెట్టుకుని వచ్చింది. వస్తూనే గొడుగు బొమ్మ మీద దుమ్ము కొంగుతో తుడిచింది. గొడుగైతే మేస్త్రి నా గుడ్డ వైపు చూడడని నాకు తెలుసు.

ముందు చేప బండి చూశారు. ఇంజను నిజంగా బాగుంది. గుడ్డ భుజం మీద వేసుకున్నాను. మేస్త్రి ఓరకంట చూశాడు, మొహం చిట్లించాడు. ఇంజనుకు వంక లేదు కానీ అమ్ముడుపోయిన కంపెనీ, రేపు ఏ బోల్టు ఎక్కణ్ణుంచి తెచ్చి వేస్తారో ఎవరికి తెలుసు అన్నాడు.

తరవాత గొడుగు బండి. చప్పుడు బయటపడకుండా బ్రోకరు అందులో చిక్కటి నూనె పోసి తెచ్చాడు, అయినా దాగలేదు. యాక్సిలరేటరు తొక్కి వదిలినప్పుడల్లా అడుగున ఎవరో చిన్న సుత్తితో తడుతున్నట్టు టకటక వస్తోంది. బేరింగు అరిగిపోతే వచ్చే చప్పుడు అది. మరో రెండు మూడు నెలలు, అంతే. వదినకు ఆ చప్పుడు తెలియలేదు. గుడ్డ కింద పడేశాను. మేస్త్రి చూడలేదు. దగ్గాను. స్పానర్ల పళ్ళెం కాలితో తన్నాను. ఖంగుమని మోగితే వదిన, బ్రోకరు, ఎదురింటి అరుగు మీది కుక్క, అందరూ తిరిగి చూశారు. మేస్త్రి ఒక్కడే కళ్ళు మూసుకుని ముసిముసిగా నవ్వుతూ ఉన్నాడు. టీ తాగిన యజమాని గుర్తొచ్చి ఉంటాడు.

లేచి, బంగారంలాంటి బండి, తీసుకోమని చెప్పేశాడు. వదిన సంచీ ముడి విప్పింది.

మేస్త్రికి చెముడని నలుగురిలో అంటే ఆయన పరువు పోతుంది, షెడ్డు మూతపడుతుంది, నా కూలి కూడా పోతుంది. ఊరుకుంటే వదిన పని అయిపోతుంది. ఇరవై రెండేళ్ళలో నా బుర్ర అంత వేగంగా ఎప్పుడూ తిరగలేదు. స్క్రూడ్రైవర్ మేస్త్రి చేతిలోంచి తీసుకుని, పిడిని గుడ్డతో శుభ్రంగా తుడిచాను.

"ఆగు వదినా. పరీక్ష ఇంకా సగమే అయింది" అన్నాను. "మామూలు బండ్లయితే మేస్త్రిగారు చెవితో చూస్తారు. గొడుగు బండిని పళ్ళతో చూస్తారు."

"పళ్ళతోనా?" అంది వదిన.

"మంచి బండికి మంచి పరీక్ష ఉండాలిగా."

మేస్త్రి చెవికి దగ్గరగా వంగి, ఇది కొరికి పట్టుకోండి, నా మాట వినండి అని గట్టిగా చెప్పాను. ఆయన నన్ను కొట్టేలా చూశాడు. బ్రోకరు నవ్వాడు. ఆ నవ్వు చూసేసరికి మేస్త్రికి రోషం వచ్చి పిడిని నోట పెట్టి కొరికాడు. ఎడమవైపు నాలుగు పళ్ళే మిగిలాయి ఆయనకు, వాటితోనే. నేను కొనను ఇంజనుకు ఆనించి, వదినను యాక్సిలరేటరు తొక్కి వదలమన్నాను.

ఇనుము చప్పుడు పళ్ళలోంచి ఎముకలోకి పోతుందని మా నాయన చెప్పేవాడు. చెవులు వినబడని చివరి రోజుల్లో ఆయన కూడా గోడ గడియారాన్ని అలాగే వినేవాడు.

మేస్త్రి మొహం మారిపోయింది. మొదట నవ్వు పోయింది. తరవాత కనుబొమలు పైకి లేచాయి. ఆయన కదల్లేదు. నోటి పక్కనుంచి చొంగ కారుతున్నా తుడుచుకోలేదు. కొనను తానే అటు జరిపి విన్నాడు, ఇటు జరిపి విన్నాడు. చాలని నేనంటే చేత్తో తోసేశాడు. తరవాత స్క్రూడ్రైవర్ నోట్లోంచి తీయకుండానే చేప బండి దగ్గరికి నడిచి, దాన్ని కూడా స్టార్టు చేయమని సైగ చేశాడు. అక్కడ ఇంకా ఎక్కువసేపు ఉన్నాడు.

తిరిగొచ్చి గొడుగు బండి బేరింగు పోయిందని చెప్పాడు. బ్రోకరు ఒప్పుకోలేదు. గొడుగు కంపెనీ చేతులు మారలేదు, వాళ్ళ సరుకు పోవడమన్నది ఉండదని గట్టిగా వాదించాడు. అప్పుడు నేను లోపలికి వెళ్ళి అరలోంచి రెండు డబ్బాలు తెచ్చాను. రెండూ ఆయిల్ ఫిల్టరు డబ్బాలే, ఒకదాని మీద గొడుగు, ఒకదాని మీద చేప. అడుగున సన్న అక్షరాలు చదవమని వదినకిచ్చాను. నేను దించే సరుకు, ఎప్పుడో కూడబలుక్కుని చదివి పెట్టుకున్నాను. ఆమె పైకి చదివింది. రెండింటి మీదా యజమాని పేరు ఒకటే, చిరునామా ఒకటే. చేపను కొన్నవాళ్ళే మూడేళ్ళ కిందట గొడుగును కూడా కొనేశారు. బొమ్మ మార్చలేదు కాబట్టి ఎవరికీ పట్టలేదు.

మేస్త్రి డబ్బా చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.  పోయి బల్ల మీద కూర్చున్నాడు.

వదిన చేప బండి చుట్టూ ఒకసారి తిరిగి నా దగ్గరికి వచ్చింది. "నాకు అర్థమైందయ్యా. కానీ ఆ తల్లులకు ఎవరు చెప్తారు? గొడుగు బండి కొంటానంటేనే వాళ్ళు పిల్లల్ని పంపిస్తామన్నారు. ఒక్కొక్కరికీ డబ్బా చూపించుకుంటూ కూర్చోనా?"

 జవాబు ఆమే వెతుక్కుంది. నేరుగా మేస్త్రి ముందుకు పోయి నిలబడి, ఆయనకు వినబడేంత గట్టిగా చెప్పింది.

"మేస్త్రిగారూ, ఈ బండి తీసుకుంటున్నా. రేపు పొద్దున మీరు ముందు సీట్లో కూర్చుని నాతో బడి దాకా రావాలి."

"నేనా? చేప బండిలోనా?"

"వాళ్ళు నమ్మేది బొమ్మను. ఆ తరవాత మిమ్మల్ని. బొమ్మ నా దగ్గర లేదు, మీరున్నారు."

మేస్త్రి చేప బొమ్మ వైపు ఒకసారి చూశాడు. ఎన్నింటికి రావాలని అడిగాడు.

బ్రోకరు వెళ్ళాక మేస్త్రి నన్ను పిలిచి, తన చెవి సంగతి ఎప్పట్నుంచి తెలుసని అడిగాడు. బట్టల కొట్టాయన బండి నాటి నుంచి అని ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పాను.

"మరి నాలుగేళ్ళు ఎందుకు చెప్పలేదురా?"

"మీ పేరు పోతే నాకు కూలి ఎవరిస్తారు మేస్త్రీ" అన్నాను. అందులో అబద్ధం లేదు. ఆయన స్క్రూడ్రైవర్ పిడి తుడుచుకుంటూ, ఇకనుంచి గుడ్డ అవసరం లేదన్నాడు. పళ్ళున్నంత కాలం అని మళ్ళీ తానే అన్నాడు.

మర్నాడు నేనూ వెళ్ళాను, వెనక సీట్లో పిల్లల సంచుల మధ్య ఇరుక్కుని. మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని ముందు కూర్చున్నాడు. ప్రతి గుమ్మం దగ్గరా తల్లులు ముందు చేప బొమ్మను చూసి ఆగారు, తరవాత మేస్త్రిని చూసి పిల్లల్ని ఎక్కించారు. వెనక పిల్లలు గొంతులు చించుకుని అరుస్తుంటే బండిలో ప్రశాంతంగా ఉన్నది ఆయన ఒక్కడే.

ఆఖరి ఇంటి దగ్గర ఒక తల్లి మాత్రం పిల్ల చెయ్యి వదల్లేదు. కిటికీలోకి వంగి, ఈ కంపెనీని ఎవరో కొనేశారట, ఇప్పుడు ఎవరిదండీ అని మేస్త్రిని అడిగింది. ఆయనకు వినబడలేదు. పెద్దమనిషిలా తలూపాడు. ఆ తలూపు చూసి ఆమె సగం మెత్తబడింది.

"కంపెనీ ఎవరిదో నాకూ తెలీదమ్మా" అంది వదిన. "బండి నాది. తోలేదీ నేనే. పాపను ఎక్కించండి, ఆలస్యమవుతోంది."

ఎక్కించింది. వదిన గేరు మార్చింది. మేస్త్రి ఎవరూ చూడట్లేదనుకుని చొక్కా కిందనుంచి స్క్రూడ్రైవర్ తీసి, కొనను ముందున్న డ్యాష్‌బోర్డుకు ఆనించి, పిడిని పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.