అడిగితే ఇస్తామన్న చీటీ

ఇది రాయకుండా తప్పించుకుందామనే చూశాను. రెండుసార్లు మొదలుపెట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయడం తేలికే. వాళ్లకు మనం చేసింది కూడా రాయాల్సి వస్తేనే చెయ్యి ఆగుతుంది. కానీ రాయకపోతే అన్నం సయించడం లేదు.

వనపర్తిలో పాలిటెక్నిక్ పిల్లలకు బతుకంతా ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైన మా సార్ పోయిన నెలలో హైదరాబాద్ దవాఖానాలో కన్నుమూశారు. ఫోన్ వచ్చేసరికి నేను దుకాణంలో ఒక పెట్టె మూత విప్పుతున్నాను. సార్ భార్య ఒక్క మాటే అన్నారు: "మిస్త్రీ, సార్ పోయిండయ్యా." అప్పుడు చేతిలో ఉన్న స్క్రూ ఎక్కడ పెట్టానో ఇప్పటికీ దొరకలేదు.

స్క్రూలంటే గుర్తొచ్చింది. నేను గద్వాలలో మగ్గాల ఇంట్లో పుట్టినవాణ్ని. ఏడో తరగతి దాటలేదు, మగ్గం మీద కూర్చోలేదు. మా నాయన రేడియోను నేను విప్పి మళ్లీ బిగిస్తే ఏడు స్క్రూలు మిగిలాయి, రేడియో మాత్రం ముందుకంటే గట్టిగా పాడింది. ఆ ధైర్యంతోనే మెకానిక్‌నై వనపర్తి చేరాను. ఒకరోజు సార్ తన టీవీ తెచ్చి, బాగుచేస్తున్నంతసేపూ పక్కనే నిలబడ్డారు.

"మిస్త్రీ, ఆ తీగ ఎందుకు తీసినవ్?"

"తెల్వదు సార్. తీస్తే బొమ్మ వస్తది."

సార్ నవ్వలేదు. "రేపు ఇంటికి రా, ఎందుకొస్తదో చెప్త" అన్నారు. ఆ రేపు ఇరవై ఏళ్లు సాగింది.

వాళ్లింట్లో ఏది పెట్టినా ఎవరిదో చెప్పి పెట్టేవారు. "ఇది పక్కింటామె పెట్టిన తొక్కు" అన్నాకే ముద్ద కలపనిచ్చేవారు. మన గొడుగు సార్ తీసుకుపోతే, తిరిగిచ్చేటప్పుడు పిడికి మన పేరున్న చీటీ వేలాడుతూ ఉండేది. ఉప్పు ప్యాకెట్ వెనక అక్షరాలను కూడా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చివరిదాకా చదివేవారు. ఇదంతా చాదస్తమని చాలా ఏళ్లు అనుకున్నాను.

సార్ రిటైరయ్యాక ఇద్దరం కలిసి బోరు మోటర్లకు ఒక పెట్టె చేశాం. రైతు ఇంటినుంచి ఫోన్ కొడితే పొలంలో మోటరు నడుస్తుంది. ఆ పెట్టెలోని సాఫ్ట్‌వేర్ ముప్పావు వంతు మేం రాసింది కాదు. ప్రపంచంలో ఎవరెవరో రాసి అందరికీ వదిలేసింది. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పెట్టెలో పెట్టి అమ్ముకోవచ్చు. కానీ రాసినవాళ్ల పేర్లు చెరపకూడదు, లైసెన్స్ కాగితం జతచేయాలి, కొన్నవాళ్లు అడిగితే సరిగ్గా ఆ పెట్టెలో ఉన్నదాని సోర్స్ కోడ్, మన మార్పులతో సహా, ఇవ్వాలి. పెట్టెలో ఉండేది యంత్రం చదివే రూపం. మనిషి చదివి దిద్దుకోగలిగేది సోర్స్ కోడ్.

"ఉత్తగనే ఇచ్చిండ్రు కద సార్, మళ్ల ఈ కాయితాల పంచాది ఏంది?" అన్నాను.

"ఉత్తగ ఇచ్చిండ్రు గని షర్తు లేకుండ ఇయ్యలే. మీ ఇంట్ల చీర ఎట్ల నేస్తరు?"

"పత్తి ఒళ్లు, పట్టు అంచు. మగ్గం మీదనే కలుపుతరు."

"ఈ పెట్టెల ఒళ్లు వాళ్లది, అంచు మనది. అంచు నేసినోడు చీరంత నాదే అంటే మీ నాయన ఊకుంటడా?"

"మగ్గం మీది నాడె తీసి ఇసురుతడు సార్."

"మరి?"

అలా ప్రతి పెట్టెలో ఒక చీటీ చేరింది. ఎవరి పని ఎంతో, ఏ లైసెన్సో, చివర్లో "సోర్స్ కోడ్ అడిగితే ఇస్తాము" అని, కింద సార్ పేరు. తెలకపల్లిలో ఒక రైతు దాన్ని లామినేషన్ చేయించి దేవుడి పటాల పక్కన తగిలించాడు. అడిగితే, "సర్కారు కాయితం లెక్క ఉన్నది, పారేస్తె ఏమైతదో" అన్నాడు.

పెట్టెలు ఒక విడత బయటికి పోయిన ప్రతిసారీ, దానికి సరిపోయే సోర్స్ కోడ్‌ను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఎర్రగుడ్డలో మూట కట్టి, పేరు రాసి ట్రంకులో పెట్టేవారు సార్. నేను ఎగతాళి చేసేవాణ్ని. "ఇన్నేండ్లల్ల ఒక్కడన్న అడిగిండా సార్?"

"అడగకుంటే, ఇస్తమన్న మాట పోతదా?"

చివరి విడతకు సార్ మంచం పట్టారు. పెట్టెలో ఒక లోపం ఉంది. కరెంటు పోయి వస్తే మోటరు మళ్లీ మొదలయ్యేది కాదు. "నేనొచ్చినంక పంపుదాం" అని దవాఖానాకు పోయారు. చేలు ఎండుతున్నాయని రైతులు దుకాణం ముందు కూర్చున్నారు. మూడు రోజులు సోర్స్ కోడ్‌లో నేనే వేళ్లు పెట్టాను. ఒకటి మార్చి, ఇంకోటి తీసి, ఏది చేస్తే పనిచేసిందో తెలియకుండానే పనిచేయించాను. ఆ టీవీ తీగ లాగానే. పెట్టెలకు ఎక్కించి, చీటీలు పెట్టి పంపేశాను. తర్వాత ఆ గజిబిజి రాత సార్ కంటబడుతుందని సిగ్గేసి, ముందు విడత మూట విప్పి, కంప్యూటర్‌లో నా రాత మీద ఆ పాత కోడే పరిచేశాను. నా మూడు రోజుల రాత తుడిచిపెట్టుకుపోయింది.

దవాఖానా నుంచి సార్ ఫోన్ చేశారు. గొంతు సన్నగా ఉంది.

"నువ్వే దిద్దినవంట? శభాష్. మూట కట్టినవా?"

"కట్టిన సార్."

ఆయనతో మాట్లాడిన చివరి మాట అదే.

కర్మ అయిన మూడో రోజున అలంపూర్ నుంచి ఒకామె వచ్చింది. మోటర్లు బిగించే మెకానిక్ కూతురు. తండ్రితోపాటు తనూ ఆ పనే చేస్తుంది, కంప్యూటర్ కోర్సూ చదివింది. సార్ లేరని చెప్పాను. ఆమె సంచిలోంచి మా పెట్టెతో వచ్చిన చీటీ తీసింది.

"చాచా, మీ కొత్త పెట్టెలు కరెంటు ఊగినప్పుడల్లా మోటరును ఆపి ఎంబడే లేపుతున్నయ్. రెండు కాలిపోయినయ్. ఊరోళ్లు మా అబ్బాను నిలబెట్టి అడుగుతుండ్రు. కోడ్ చూస్తె నేను దిద్దుకుంట. కాయితం మీద అడిగితే ఇస్తమని రాసిండ్రు కద. అడుగుతున్న."

నాలుగు రోజులు గడువడిగాను. ఆ నాలుగు రోజులూ కంప్యూటర్ ముందు కూర్చుని ఏం మార్చానో గుర్తుచేసుకుంటూ రాశాను, తుడిచాను, రాశాను. ఒక అంకె పెడితే మోటరు లేవదు. ఇంకోటి పెడితే ఆగదు. ఏదీ బయటికి పోయిన పెట్టెలా నడవలేదు. పాత మూట ఇచ్చి ఇదేనంటే సరిపోతుందనీ అనిపించింది. కాదనడానికి సార్ లేరు.

ఎక్కడైనా ఒక ప్రతి మిగిలిందేమోనన్న పిచ్చి ఆశతో సార్ ఇంటికి పోయాను. సార్ భార్య ట్రంకు చూపించారు. మూటలన్నీ వరసగా ఉన్నాయి. అన్నిటికీ పైన మడిచిన ఖాళీ ఎర్రగుడ్డ ఒకటి ఉంది.

"దవాఖానాల ఉన్నప్పుడు ఈ గుడ్డ అడిగి తెప్పిచ్చుకున్నడు" అన్నారు ఆమె. "చీటీ రాసి, మిస్త్రీ మూటకు కట్టమని చెప్పిండు."

గుడ్డ మడతలో ఉన్న చీటీ మీద వణికిన అక్షరాలతో ఆ చివరి విడత అంకె ఉంది. దాని కింద: "మార్పులు చేసినది" అని, నా పేరు. మిస్త్రీ అని కాదు, నాయన పెట్టిన పేరు. అది సార్‌కు తెలుసని కూడా నాకు తెలియదు.

గడువు తీరిన రోజు అలంపూర్ ఆమె మళ్లీ వచ్చింది. పాత మూట ఆమె చేతిలో పెట్టాను. ఇది మీ పెట్టెలోనిది కాదని, దీని మీద నేను చేసిన మార్పులు పోగొట్టానని, తప్పు సార్‌ది కాదని ఒక కాగితం మీద రాసి ఇచ్చాను.

చదివింది. "అంటే మొదటిసంది చెయ్యాలె" అంది. కాగితం తిప్పి చూసి, "సంతకం పెట్టలేదు చాచా" అంది.

పెట్టాను. కాగితం మడిచి మూటతోపాటు సంచిలో వేసుకుంది. నాలుగింటికి అలంపూర్ చౌరస్తా మీదుగా పోయే కర్నూలు బస్సు వచ్చింది. ఎక్కింది.