స్క్రూ హోల్ చుట్టూ కాపర్

జర్మనీలో, జిండెల్ఫింగెన్‌లో నా మొదటి ఉద్యోగం పోయినంత పనైంది, అదీ మన తెలుగాయన పుణ్యమా అని. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

కార్లలో పెట్టే సర్క్యూట్ బోర్డుల డిజైన్ మా పని. ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారు. పాతదాంట్లో గీసిన బోర్డులన్నీ కొత్తదాంట్లోకి మార్చే పని నా నెత్తిన పడింది. ఫైల్ తెరుచుకుంటుంది, ఎర్రర్ ఒక్కటీ రాదు, అంతా బాగున్నట్టే కనపడుతుంది. అదే దాని మాయరోగం. స్క్రూ హోల్ చుట్టూ కాపర్ రాకూడదని పాత ఫైల్లో ఒక గీత ఉంటుంది. కొత్త సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తుపట్టదు. చెప్పాపెట్టకుండా వదిలేసి, హోల్ అంచుదాకా కాపర్ నింపేస్తుంది. అందుకే పాత, కొత్త డ్రాయింగులు ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తాను, ఒక్కరోజు ఇవ్వండని అడిగాను.

అడిగింది మా టీమ్ సీనియర్‌ని. ఇక్కడ ఎప్పుడో స్థిరపడ్డ మనిషి, అన్నా అని పిలిచేదాన్ని. కాఫీ కలుపుకుంటూ, "ఎర్రర్లు రాలేదుగా, పంపించేయమ్మా. నీ మీద ఈగ వాలనిస్తానా?" అన్నాడు. ఇక్కడివాళ్ళెవరైనా ఆ మాటే మెయిల్‌లో రాయమనేవాళ్ళు. ఉగాదికి ఇంటికి పిలిచి పులిహోర పెట్టిన మనిషిని అలా ఎలా అడుగుతాం? పంపించేశాను.

బోర్డులు తయారై వచ్చాయి. బిగించి కరెంటు ఇవ్వగానే స్క్రూ కాపర్‌కి తగిలి షార్టయింది. పొగ.

మీటింగ్‌లో ఆయన అచ్చమైన జర్మన్‌లో, "ఈమె చెక్ చేయకుండా పంపేసింది" అన్నాడు. నా ప్రోబెట్సైట్, అదే ప్రొబేషన్, ఇంకా నడుస్తోంది, ఎప్పుడైనా తీసేయొచ్చు. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డుకీ ఎసరే. ఆ సంగతి ఆయనకి తెలీదా? నాకంటే బాగా తెలుసు. నాకు భయంకంటే అసహ్యం ఎక్కువ వేసింది.

"చెక్ చేస్తానని నేనడిగాను. వద్దన్నది ఈయనే" అన్నాను, వచ్చీరాని జర్మన్‌లో.

నిజమేనా అని మా బాస్ ఆయన్ని అడిగింది. ఆయన నా వైపు వంగి తెలుగులో, "మనలో మాట ఇక్కడెందుకమ్మా? ఈ ఒక్కసారికి నీ మీద వేసుకో, తర్వాత నేను చూసుకుంటా" అన్నాడు.

ఏమన్నాడని బాస్ నన్నడిగింది.

ఒక్క ముక్క వదలకుండా జర్మన్‌లో చెప్పాను. ఉద్యోగం నిలబడింది. ఆయన నాతో మాటలు మానేశాడు. మానేస్తే మానేశాడు.