బిల్లు వస్తది

మా వైపు ఆడమనిషి వచ్చినా వచ్చింది అనే అంటాం, బస్సు వచ్చినా వచ్చింది అనే అంటాం. అవ్వ వస్తది. వాన వస్తది. జ్వరం వస్తది. ఈ ఒక్క సంగతి వల్ల నేను రెండో తరగతిలో నెలల తరబడి లేని మనిషి కోసం ఎదురుచూశాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. నాకు మాత్రం ఇప్పటికీ పూర్తిగా నవ్వు రాదు.

ఆ మనిషి పేరు బిల్లు.

ముందు బడి సంగతి చెప్పాలి. పేదింటి పిల్లలను డ్రా తీసి ఎంపిక చేసి, పేరున్న ప్రైవేటు బడిలో చేర్పించి, ఫీజూ హాస్టలు ఖర్చూ సర్కారే కట్టే పథకం ఒకటుంది. ఏ జిల్లా పిల్లయితే ఆ జిల్లా ఆఫీసు కట్టాలి. ఆ డ్రాలో నా చీటీ లేచింది. కోటగిరి అవతల చెరకు తోటల మధ్య ఉన్న మా ఊరి నుంచి నిజామాబాద్ టౌనులో మూడంతస్తుల బడికి వచ్చి పడ్డాను. మా బాపు చెరకు కొట్టే కూలి. బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు దూరపు ఫ్యాక్టరీలకు పోయేది, దాని వెంటే బాపు కూడా పోయేవాడు. పోతే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. మేం అమ్మను అవ్వ అని పిలుస్తాం. మా అవ్వ ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది.

ఒకటో తరగతి ఏ గొడవా లేకుండా గడిచింది. రెండో తరగతిలో ఉండగా జిల్లాలను విడగొట్టారు. బడి పాత జిల్లాలోనే ఉంది, మా ఊరు కొత్త జిల్లాలోకి పోయింది. పాపం మా ఊరు ఎక్కడికీ కదల్లేదు, ఉన్నచోటే ఉంది. నేను మాత్రం ఒక్క పూటలో పరాయి జిల్లా పిల్లనైపోయాను. బడి వాళ్ళు బిల్లు పెడితే, పిల్ల మీ దగ్గరికి పోయింది కదా మీరే కట్టండని పాత జిల్లా వాళ్ళు కొత్త జిల్లాకు రాసేవారు. డ్రా తీసింది మీరు, సీటిచ్చింది మీరు, మీరే కట్టాలని కొత్త జిల్లా వాళ్ళు తిప్పి పంపేవారు. బిల్లు రాకపోతే పిల్లను తీసుకుపొమ్మని బడి వాళ్ళు మా అవ్వను పిలిచి చెప్పారు. అవ్వకు అంతకంటే పెద్ద భయం ఇంకోటి లేదు. నేను ఇంటికొస్తే బీడీల చాట ముందు కూర్చుంటానని ఆమెకు తెలుసు, తను అట్లాగే బడి మానేసి కూర్చుంది కాబట్టి.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నా చెవిన పడిందల్లా మా వార్డెన్ మేడం అనే ఒక్క మాటే.

"నీ బిల్లు ఇంకా రాలే. అది వచ్చినంక సూద్దాం."

కొత్త పుస్తకాలు అడిగితే ఆ మాటే. యూనిఫారం అడిగితే ఆ మాటే. ఇంటికెప్పుడు పంపుతారని అడిగినా ఆ మాటే, బిల్లు రానీ అప్పుడు తెలుస్తదని. మేడం చెడ్డ మనిషేం కాదు. అంతమంది పిల్లల జుట్లూ పేలూ జ్వరాలూ ఒక్కతే చూసుకునేది, ఓపికగా అర్థం చెప్పే తీరిక ఆమెకెక్కడిది. ఏడేళ్ళ పిల్లను, నా లెక్కన నాకు అర్థం తెలిసిపోయింది. మా ఊళ్ళో చిన్నమ్మనూ అది అంటారు, పక్కింటామెనూ అది అంటారు. బిల్లు కూడా ఒకామె. ఆమె వచ్చి నన్ను ఇంటికి తీసుకుపోతుంది.

అవ్వ ఉండగా ఇంకొకామె ఎందుకు అని మీరు అడగొచ్చు. అవ్వ రావడం మానేసింది కాబట్టి.

మా హాస్టల్లో తల్లిదండ్రులు ఆదివారం మాత్రమే రావాలి. పొద్దున్నే గేటు తీసేవారు. బోధన్ వైపు నుంచి, ముప్కాల్ వైపు నుంచి తల్లులు సంచులు మోసుకుంటూ వచ్చేవారు. వరండా నిండా టిఫిన్ గిన్నెలు తెరుచుకునేవి, మొక్కజొన్నలతో చేసే మక్క గారెల వాసన, చేపల పులుసు వాసన. ఒకటో తరగతిలో మా అవ్వ కూడా నెలకొకసారి వచ్చేది. ఆమె చేతులకు బీడీల తంబాకు వాసన ఉండేది, ఎంత సబ్బు పెట్టినా పోదు. అన్నం కలిపి పెడితే ముద్దలో కూడా ఆ వాసనే. వద్దని మొఖం తిప్పేదాన్ని. ఇప్పుడు ఆ ముద్ద కోసమే వరండా చివర ఉన్న నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చునేదాన్ని. దీపావళి పోయింది, క్రిస్మస్ పోయింది. అవ్వ రాలేదు. ఎవరైనా జాలిపడి గారె ఇస్తే తీసుకునేదాన్ని కాదు, అంత కొవ్వు నాకు. అక్కడి నుంచి లేచిపోయి బాత్రూంలో ఏడ్చేదాన్ని.

అట్లాంటి రోజుల్లో బిల్లు నాకు దగ్గరైంది. ఆఫీసు గదిలో పనిచేసే సారు ఒకరోజు మేడంతో చెప్తుండగా విన్నాను. ఇక్కడి ఆఫీసులో అడిగితే బిల్లు ఇక్కడ లేదు అక్కడికి పోయిందన్నారట, అక్కడ అడిగితే మేం ఉంచుకోలేదు వెనక్కి పంపామన్నారట. మధ్యలో ఎక్కడుందో ఏమో అన్నాడు సారు. అయ్యో, ఆమెను ఇద్దరూ తరిమేస్తున్నారా? అన్నం ఎక్కడ తింటుంది? బోధన్ బస్టాండులో బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉందేమో, ఏ బస్సు ఎక్కాలో తెలియక. ఇంత పెద్ద బడిలో నా సంగతి తెలిసిన మనిషి ఎవరూ లేరు గానీ, బిల్లుకు తెలుస్తుందనిపించింది. ఆమె కూడా నాలాగే రెండు జిల్లాలకూ అక్కర్లేని మనిషి.

నా మనసులో ఆమె బక్కగా ఉండేది. నీలం చీర, చేతిలో వైరు బుట్ట. నడిచీ నడిచీ కాళ్ళు పగిలి ఉండేవి. పడుకునేముందు నేను ఆమెతో మాట్లాడేదాన్ని. ఈ రోజు లెక్కల టీచరు నా చెవి మెలేసిందనీ, పక్క మంచం పిల్ల నా దువ్వెన తీసుకుని ఇవ్వలేదనీ చెప్పుకునేదాన్ని. వచ్చేటప్పుడు ఆకలి మీద వస్తుందని, సాయంత్రం ఇచ్చే బిస్కెట్లలో రెండు నా ట్రంకు పెట్టెలో గౌను మడతల కింద దాచేదాన్ని. కొన్నాళ్ళకు పెట్టె నిండా చీమలు పట్టాయి. మేడం మంచం మీద పెట్టె బోర్లించి, ఎవరి కోసం దాచావే అని అడిగింది. నాకే అన్నాను. దొంగ తిండి పిల్లనని పేరు పడింది. పడితే పడనీ అనుకున్నాను గానీ బిల్లు పేరు మాత్రం చెప్పలేదు.

చెరకు లారీలు టౌను మీదుగా పోయే కాలం అది. మా తరగతి కిటికీలోంచి రోడ్డు కనబడేది. లారీ పోయినప్పుడల్లా దాని మీద బాపు ఉన్నాడేమో అని మెడ చాపేదాన్ని. అట్లా చూస్తూ తన్నులు తినబోతున్న ఒకరోజు మేడం తలుపు దగ్గరికి వచ్చింది. నా పేరు పిలిచింది. ఆమె నవ్వుతోంది. ఏడాదిలో మొదటిసారి ఆమె నన్ను చూసి నవ్వడం.

"నీ బిల్లొచ్చింది," అంది.

నేను పుస్తకం అక్కడే వదిలేశాను. ఆమె చేతి కిందినుంచి దూరి మెట్లు దిగి పరిగెత్తాను. హాస్టల్లోకి పోయి ట్రంకు పెట్టె తీసుకుందామనిపించింది, మళ్ళీ ఆలస్యమైతే ఆమె వెళ్ళిపోతుందేమోనని ఆగలేదు. ఒక్క ఉరుకున గేటు దగ్గరికి పోయాను. గేటు మూసి ఉంది. వాచ్‌మన్ తాత స్టూలు మీద కూర్చుని చుట్ట తాగుతున్నాడు. ఇనుప చువ్వల్లోంచి రోడ్డు అటూ ఇటూ చూశాను. నీలం చీర ఎక్కడా లేదు.

నా కోసం ఎవరొచ్చారని తాతను అడిగాను.

"ఎవ్వలు రాలే బిడ్డా," అన్నాడు. "పొద్దటి సంది పాలాయన తప్ప ఎవ్వలు రాలే."

ఈలోపు మేడం ఆయాసపడుతూ వచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. వంగి నా తల నిమిరింది. రెండు జిల్లాల వాళ్ళూ మాట్లాడుకున్నారని, పాత బాకీ ఒకరు, ఇకమీదట ఇంకొకరు కడతామన్నారని, ఇంక నన్ను ఎవరూ ఇంటికి పంపరని చెప్పింది. పదో తరగతి దాకా నేను ఇక్కడే ఉండొచ్చట. ఆమె ఎంతో సంతోషంగా చెప్పింది. నేను గేటు చువ్వ పట్టుకుని విడవలేదు. ఆమె ఒక్కో వేలూ విడిపించి తీసుకుపోయింది. సాయంత్రం నాకు కొత్త పుస్తకాలిచ్చారు. వాటిని రెండు రోజులు ముట్టుకోలేదు.

ఆ ఆదివారం అవ్వ వచ్చింది. వరండాలో అందరికంటే ముందు ఉంది. సంచిలో మక్క గారెలు, కొత్త రిబ్బన్లు. మనిషి సగమైంది. నేను ఆమె వైపు వీపు పెట్టి కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావని అడగాలని ఉంది. అవ్వే మెల్లగా చెప్పుకొచ్చింది. బీడీలు చుడితేనే ఇల్లు గడిచేది, నెలకొక్క రోజు కంటే ఎక్కువ పని విడిచిరావడం కుదరదు. ఆ ఒక్క రోజు నాకోసం ఆదివారం పెట్టుకునేది. కానీ నా బిల్లు గురించి అడుగుదామంటే ఆదివారం ఆఫీసులుండవు. అందుకని దాన్ని సోమవారానికి మార్చుకుంది. ఒక నెల కొత్త జిల్లా ఆఫీసు, ఒక నెల పాత జిల్లా ఆఫీసు. ఈ టౌనుకు వచ్చినప్పుడల్లా మా బడి దాకా నడిచి వచ్చేదట. పని రోజుల్లో లోపలికి రానివ్వరు కదా, వెనక గోడ పక్కన నిలబడేదట. మేమంతా కలిసి ఎక్కాలు చదువుతుంటే అందులో నా గొంతు ఏదని వినేదట. దొరికితే సంతోషంగా బస్సెక్కేది, దొరకకపోతే జ్వరమొచ్చిందేమోనని దారి పొడుగునా బెంగ.

నేను ఇటు తిరిగాను. ఆమె కాళ్ళకేసి చూశాను. మడమలు పగిలి, పగుళ్ళలో ఎర్రమట్టి ఇరుక్కుని ఉంది.

"బిల్లు ఎట్లుంటది అవ్వా?" అని అడిగాను.

అవ్వ నవ్వలేదు. గారె తుంచుతున్న చెయ్యి ఆపి, నిజంగానే కాసేపు ఆలోచించింది.

"ఏమో బిడ్డా. ఆడికి పోతే ఈడున్నదన్నరు, ఈడికొస్తే ఆడికి పోయిందన్నరు. అది నాకు గూడ మొఖం సూపియ్యలే."

గారె ముక్క నా నోట్లో పెట్టింది. తంబాకు వాసన. మొఖం తిప్పుకోకుండా తిన్నాను. సాయంత్రం బెల్లు కొట్టారు, గేటు మూసే వేళైంది. బిల్లు వచ్చేసింది కాబట్టి నేను లోపల ఉండిపోయాను. అవ్వ ఒక్కతే బస్టాండుకు పోయింది.